350 సీసీ గీతకి ఇవతలా, అవతలా? ఇన్సూరెన్స్ లెక్కతో స్పోర్ట్స్ బైక్ ఎంచుకోవడం

"అన్నా, నాలుగేళ్లుగా ఆర్15 నడుపుతున్నాను. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లొస్తాను. ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా లేదు. ఇప్పుడు అపాచీ ఆర్ఆర్ 310 తీసుకోవాలా, అప్రిలియా ఆర్ఎస్ 457 తీసుకోవాలా తేల్చుకోలేకపోతున్నా. ఇన్సూరెన్స్‌లో తేడా ఎంత వస్తుంది? ఉండేది మియాపూర్‌లోనే అయినా ఖమ్మం అడ్రస్ మీద రిజిస్ట్రేషన్ చేయిస్తే ప్రీమియం తగ్గుతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగావు కదా తమ్ముడూ. వివరంగా చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

విజయవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్లుగా నా పని యాక్సిడెంట్ బళ్ల క్లెయిములు చూడటమే. పడిపోయిన బండి లోపలికి రాగానే ఎస్టిమేట్ రాయాలి, నష్టం లెక్కకట్టే సర్వేయర్ వస్తే పక్కన నిలబడి ఏ పార్టు మార్చాలో, ఏది రిపేర్ చేయొచ్చో మాట్లాడాలి, ఆఖర్న కస్టమర్‌ని కూర్చోబెట్టి "ఇంత కంపెనీ ఇస్తుంది, ఇంత మీరు కట్టాలి" అని చెప్పాలి. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఎదుటివాళ్ల మొహం మారిపోవడం చాలాసార్లు చూశాను. స్పోర్ట్స్ బళ్లవాళ్ల విషయంలో అది ఇంకా ఎక్కువ. ఎందుకో కింద చెప్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. నీ పరిస్థితిలో నేనైతే ఆర్ఆర్ 310 తీసుకుంటాను. దాంతోపాటు జీరో డెప్ కూడా, అంటే పార్టుల ధరలో అరుగుదల పేరుతో కోత పడకుండా చూసే అదనపు కవర్.

థర్డ్ పార్టీ సంగతి చూద్దాం, అంటే నీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి చట్టం తప్పనిసరి చేసిన ఇన్సూరెన్స్. దీని రేటు కంపెనీ పెట్టేది కాదు, ప్రభుత్వం నోటిఫై చేసేది. ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు బండికి ఏడాదికి 714 రూపాయలు. 150 దాటి 350 వరకు 1,366. 350 దాటితే 2,804. కొత్త బండికి ఏడాదికి కట్టే వీలు లేదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి టూ వీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి తీసుకోవాలి. అది 150-350 స్లాబులో 7,365, 350 పైన 15,117.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. నీ ఆర్15 ఇంజన్ 155 సీసీ. అంటే నువ్వు ఇప్పటికే 150-350 స్లాబులో ఉన్నావు. 312 సీసీ ఆర్ఆర్ 310కి వెళ్లినా థర్డ్ పార్టీ రేటు ఒక్క రూపాయి పెరగదు. పవర్ మాత్రం 18.4 పీఎస్ నుంచి 38 పీఎస్‌కి, రెట్టింపు దాటి వెళ్తుంది. నింజా 300, 321 సీసీ యమహా ఆర్3 కూడా ఇదే స్లాబు. ఆర్ఎస్ 457, 373 సీసీ కేటీఎం ఆర్సీ 390, 451 సీసీ నింజా 500 మాత్రం గీత అవతల ఉన్నాయి. ఆర్సీ 390 కొనేవాళ్లలో చాలామంది ఆ 23 సీసీ కోసం రెట్టింపు థర్డ్ పార్టీ కడుతున్నామని పాలసీ చేతికొచ్చేదాకా గమనించరు.

ఆ 350 గీత ఇప్పుడు ఇన్సూరెన్స్‌తో ఆగడం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ మారింది. 350 సీసీ వరకు 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటిన బళ్లకి సెస్సుతో కలిపి 31 ఉండేది 40 అయింది. అంటే పన్ను లేని ధర లక్ష అనుకుంటే ఇవతల 18 వేలు, అవతల 40 వేలు. ఇది బండి ధర గొడవే కదా, ఇన్సూరెన్స్‌కి ఏం సంబంధం అంటావేమో. ఐడీవీ, అంటే పాలసీలో నీ బండికి రాసే విలువ, లెక్క కట్టేది ఎక్స్‌షోరూమ్ ధర మీద. అందులో జీఎస్‌టీ కలిసే ఉంటుంది. పన్ను పెరిగితే ఐడీవీ పెరుగుతుంది, ఐడీవీ పెరిగితే నీ బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, మా భాషలో ఓడీ, అదీ పెరుగుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. ఆర్ఆర్ 310 ఎక్స్‌షోరూమ్ రెండున్నర లక్షలు, ఆర్ఎస్ 457 4 లక్షల 10 వేలు అనుకుందాం. ఆర్ఎస్ 457 2023 డిసెంబర్‌లో వచ్చినప్పుడు దాని ధర అంతే. ఈరోజు ధరలు షోరూమ్‌లో కనుక్కుని ఇదే లెక్కలో వేసుకో. కొత్త బండికి ఐడీవీ 95 శాతం. ఓడీ రేట్లు 2007 నుంచి కంపెనీల ఇష్టం. అయినా పాత టారిఫ్ శాతాలనే ఆధారంగా పెట్టుకుని, దాని మీద డిస్కౌంట్లు ఇస్తుంటారు. ఆ టారిఫ్‌లో ఊరిని బట్టి రెండు జోన్లు, హైదరాబాద్ 'ఎ' (A) జోన్. అక్కడ 150-350 బండికి ఐడీవీలో 1.793 శాతం, 350 దాటితే 1.879 శాతం. ఆ లెక్కన మొదటి బండికి ఓడీ 4,258, రెండోదానికి 7,319. అయిదేళ్ల థర్డ్ పార్టీ కలిపితే 11,623, 22,436. మీద 18 శాతం జీఎస్‌టీ వేస్తే 13,715, 26,474. డిస్కౌంటు, జీరో డెప్, పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఏవీ కలపని లెక్క ఇది. షోరూమ్‌వాళ్లు నీకిచ్చే కాగితంలో అంకెలు వేరేగా ఉంటాయి కానీ, ఒకదానికి ఇంకోటి దాదాపు రెట్టింపు అన్న నిష్పత్తి పెద్దగా మారదు.

ఖమ్మం సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. ఖమ్మం 'బి' (B) జోన్. అక్కడ 1.793 బదులు 1.760. మన రెండున్నర లక్షల బండి మీద తేడా 78 రూపాయలు. థర్డ్ పార్టీకి జోన్లే లేవు. 78 రూపాయల కోసం ఉండని ఊరి అడ్రస్ మీద బండి రాయించి, రేపు క్లెయిమ్ ఫారం మీద "వాహనం సాధారణంగా ఎక్కడ ఉంచుతారు" అన్న గడి దగ్గర తడబడే అవసరం నీకెందుకు? మియాపూర్‌లో ఉంటున్నావు, మియాపూర్ అడ్రస్ మీదే చేయించు.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రీమియం ఎంత అనేది సగం లెక్కే. బండి పడ్డ రోజు జేబులోంచి ఎంత పోతుందనేది మిగతా సగం. స్పోర్ట్స్ బండి ఎంచుకునేవాళ్లు ఈ రెండో సగం చూడరు.

పోయిన వేసవిలో ఒక కుర్రాడు 300 సీసీ ఫుల్ ఫెయిరింగ్ బండి, అంటే చుట్టూ ప్లాస్టిక్ ప్యానెళ్లు కప్పి ఉన్న బండి, తీసుకొచ్చాడు. ఏడాదిన్నర వయసు బండి. పెద్ద యాక్సిడెంట్ ఏమీ కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద తడి ఉంది, ఆగి ఉన్న బండి కుడిపక్కకి ఒరిగి రెండడుగులు జారింది. దూరం నుంచి చూస్తే గీతలు పడ్డట్టే ఉంది. దగ్గరికెళ్లి వంగి చూశాను. కుడి ఫెయిరింగ్‌ని పట్టి ఉంచే లోపలి చెవులు రెండు విరిగిపోయాయి. స్క్రూ పట్టే చెవి విరిగాక ప్యానెల్ నిలబడదు, వెల్డింగ్ చేయించినా ఇంజన్ వైబ్రేషన్‌కి నెల తిరక్కుండా ఊడుతుంది. మార్చాల్సిందే. ఎస్టిమేట్ ఇలా వచ్చింది: కుడి ఫెయిరింగ్ 7,200, బెల్లీ ప్యాన్ 3,100, టెయిల్ ప్యానెల్ 2,300, అద్దం, ఇండికేటర్ 1,900. ప్లాస్టిక్ మొత్తం 14,500. క్లిప్ ఆన్ హ్యాండిల్, బ్రేక్ లీవర్, ఫుట్ పెగ్ బ్రాకెట్, క్లచ్ కవర్ కలిపి మెటల్ 8,000. లేబర్ 2,500. పన్నులు కాకుండా పాతిక వేలు.

అతని దగ్గర ఫుల్ ఇన్సూరెన్స్, అంటే థర్డ్ పార్టీ, ఓడీ రెండూ ఉన్నాయి. నాలుగొందలో అయిదొందలో కడితే చాలనుకుని వచ్చాడు. కానీ పాలసీ నిబంధన ప్రకారం ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్, టైర్లు, బ్యాటరీ మీద బండి వయసుతో సంబంధం లేకుండా సగం కోత. నిన్న కొన్న బండైనా సగమే. మెటల్‌కి మాత్రం వయసును బట్టి కోత. మొదటి ఆర్నెల్లు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10 శాతం, అలా పెరుగుతుంది. అతనికి ప్లాస్టిక్ మీద 7,250, మెటల్ మీద 800, ప్రతి క్లెయిమ్‌లో మనమే కట్టాల్సిన కంపల్సరీ డిడక్టబుల్ 100. మొత్తం 8,150 సొంతంగా కట్టాడు. జీరో డెప్ ఉండి ఉంటే ఆ వంద, ఇంకేవైనా కవర్ కాని చిన్నా చితకా ఖర్చులు మాత్రమే పడేవి. కొనేటప్పుడు షోరూమ్‌లో జీరో డెప్ వద్దన్నాడట, ప్రీమియం తగ్గుతుందని. బిల్లు కాగితం పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వాళ్ల నాన్నకి ఫోన్ చేయడానికి బయటికెళ్లాడు.

అదే ర్యాంపు మీద స్ప్లెండర్ పడితే ఏమవుతుంది? లీవర్ వంగుతుంది, ఫుట్ రెస్ట్ వంగుతుంది, ఇండికేటర్ పగులుతుంది. స్పోర్ట్స్ బండికి నేలని ముందు తాకేది ప్లాస్టిక్. ఖరీదైనదీ ప్లాస్టికే. సగం కోత పడేదీ ప్లాస్టిక్ మీదే. అందుకే ఫెయిరింగ్ ఉన్న బండికి జీరో డెప్ లేకుండా పాలసీ తీసుకోవద్దని నేను అడిగినవాళ్లందరికీ చెప్తాను. సాధారణంగా అయిదేళ్ల లోపు బళ్లకే ఇస్తారు, ఏడాదికి ఇన్ని క్లెయిములని పరిమితి ఉంటుంది. ఆ సంఖ్య ఎంతో పాలసీ కాగితంలో చూసుకో.

ఇంకో పని చెయ్యి. ఇది ఎవరూ చేయరు, కానీ దీనివల్లే రెండు బళ్ల మధ్య అసలు తేడా తెలుస్తుంది. టోకెన్ ఇచ్చేముందు రెండు సర్వీస్ సెంటర్లకీ వెళ్లి స్పేర్స్ కౌంటర్ దగ్గర అయిదు పార్టుల ధరలు రాసుకో. కుడి, ఎడమ సైడ్ ఫెయిరింగులు, హెడ్‌లైట్ అసెంబ్లీ, పెట్రోల్ ట్యాంకు, క్లచ్ కవర్. ధరతో పాటు "స్టాకు ఉందా, ఆర్డర్ పెడితే ఎన్ని రోజులు పడుతుంది?" అని అడుగు. ఆర్ఆర్ 310 హోసూరులో తయారవుతుంది, ఆర్ఎస్ 457 బారామతిలో. రెండూ ఇక్కడే తయారవుతున్నాయి కాబట్టి ఆ మేరకు రెండూ నయమే. పూర్తిగా దిగుమతయ్యే బండి అయితే స్లాబు చిన్నదైనా పార్టు కోసం నెలలు కూర్చోవాల్సి రావచ్చు. క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చి, పార్టు రాక, కవరు కప్పి మూల నిలబెట్టిన బళ్లు నా కళ్ల ముందే ఎన్నో ఉన్నాయి. ఈఎంఐ మాత్రం ఆగదు.

ఇప్పుడు నీ చేతిలో ఉన్న సొమ్ము గురించి. నాలుగేళ్లలో క్లెయిమ్ లేదన్నావు. ప్రతి ఏడూ ఓడీ కూడా రెన్యువల్ చేయిస్తూ వచ్చావా? కొత్త బండికి థర్డ్ పార్టీ అయిదేళ్లు ఉన్నా ఓడీ ఒక్క ఏడాదే ఉంటుంది. ఆ తర్వాత "ఇన్సూరెన్స్ ఉందిలే" అనుకుని చాలామంది ఓడీ వదిలేస్తారు. ఓడీ గడువు తీరి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయనందుకు ఓడీ మీద ఇచ్చే తగ్గింపు, పోతుంది. నువ్వు వదలకుండా కట్టి ఉంటే నీకిప్పుడు 45 శాతం ఉండాలి. మెట్లు ఇలా ఉంటాయి: ఒక ఏడాదికి 20, తర్వాత 25, 35, 45, చివరికి 50. ఈ బోనస్ బండిది కాదు, నీది. ఆర్15 అమ్మేటప్పుడు కొన్నవాడికి వెళ్లదు. అమ్మినట్టు కాగితాలు చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు ఏ కొత్త టూ వీలర్‌కైనా వాడుకోవచ్చు. మన లెక్కలో ఆర్ఆర్ 310 ఓడీ మీద 1,916 రూపాయలు తగ్గుతుంది. షోరూమ్‌లో దీని గురించి తమంతట తాముగా అడిగేవాళ్లు తక్కువ. నువ్వే లెటర్ తీసి బల్ల మీద పెట్టాలి. ఎన్‌సీబీ థర్డ్ పార్టీకి వర్తించదు, అక్కడ ఆశ పెట్టుకోకు.

చిన్న దెబ్బకి క్లెయిమ్ చేయాలా వద్దా అని అందరూ అడుగుతుంటారు. దానికీ లెక్క ఉంది. బోనస్ తీయకముందు నీ ఓడీ 3,000 అనుకో, చేతిలో 35 శాతం ఉంది. ఈ ఏడు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది 45 బదులు సున్నా, ఆపైన 50 బదులు 20, తర్వాత 25, 35, 45. తేడాలన్నీ కూడితే 120 శాతం, అంటే 3,600 రూపాయలు. ఏటా ఐడీవీ తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే. మొత్తమ్మీద మూడు మూడున్నర వేల లోపు పని అయితే సొంతంగా చేయించుకోవడమే లాభం. లీవర్ విరిగిందని క్లెయిమ్ పెట్టేవాళ్లని నేను ఆపేస్తుంటాను.

నీళ్ల గురించి ఒక మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు బళ్లు వరుసగా లారీల మీద వచ్చాయి. వరద నష్టం ఫుల్ పాలసీలో కవరవుతుంది. కానీ నీళ్లు దిగాక స్టార్ట్ అవుతుందేమోనని సెల్ఫ్ నొక్కితే సిలిండర్‌లోకి వెళ్లిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అది వరద నష్టం కాదు, ఆ తర్వాత నువ్వు చేసిన పని వల్ల వచ్చిన నష్టం అంటారు. ఇంజన్ ప్రొటెక్ట్ కవర్ లేకపోతే ఆ ఖర్చు నీదే. హైదరాబాద్‌లో సెల్లార్ పార్కింగ్ ఉన్నవాళ్లందరికీ ఈ మాట వర్తిస్తుంది. నీళ్లలో మునిగిన బండికి తాళం పెట్టొద్దు. ఫోటోలు తీసి, తోయించుకుని వర్క్‌షాపుకి తెచ్చెయ్యి.

స్పోర్ట్స్ బండి కొనేవాళ్లు చేసే రెండు పనుల గురించి కూడా ముందే చెప్పాలి. ఎగ్జాస్ట్ మార్చడం, ట్రాక్‌కి వెళ్లడం. మార్చినవి కంపెనీకి చెప్పి పాలసీలో రాయించకపోతే క్లెయిమ్ రోజున సర్వేయర్ ఫోటో తీస్తాడు, వాదన మొదలవుతుంది. ఇక రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాడకానికి మామూలు పాలసీ వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద పడితే ఆ ఖర్చు మొత్తం నీదే అనుకుని వెళ్లు. వెళ్లొద్దని కాదు, నేర్చుకోవడానికి రోడ్డు కంటే ట్రాకే వెయ్యి రెట్లు మేలు. డబ్బు పక్కన పెట్టుకుని వెళ్లు.

పాలసీలో ఇంకేం చూడాలంటే, పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలకి తప్పనిసరి. కానీ అది మనిషికి ఒకటి చాలు. నీకు కారు ఉండి, అందులో ఆ కవర్ నీ పేరు మీద ఉంటే బండికి మళ్లీ కట్టక్కర్లేదు. వెనక ఎవరినైనా ఎక్కించుకునే అలవాటుంటే థర్డ్ పార్టీ ఒక్కటే పెట్టుకుని తిరగొద్దు. చట్టం అడిగే కనీస పాలసీలో బైక్ వెనక కూర్చున్న మనిషి రాడని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు వేల ఓడీ మిగుల్చుకుని ఇంట్లోవాళ్లని ఆ స్థితిలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఇంతా చెప్పాక ఆర్ఎస్ 457 చెడ్డ బండి అనుకోవద్దు. 47.6 పీఎస్, ట్విన్ సిలిండర్, హైవే మీద ఆ సాఫీతనం ఆర్ఆర్ 310 సింగిల్ సిలిండర్‌కి రాదు. నెలకి రెండుసార్లు హైదరాబాద్ నుంచి శ్రీశైలమో వైజాగో వెళ్లేవాడివైతే, ఆ తేడా డబ్బు నీకు భారం కాకపోతే, తీసుకో. కానీ నీ రోజువారీ దారి మియాపూర్ నుంచి గచ్చిబౌలి అన్నావు. ఆ ట్రాఫిక్‌లో 38 పీఎస్ కూడా సగం వాడవు. ఇన్సూరెన్స్‌లో మిగిలే పన్నెండు వేలు జీరో డెప్‌కి పోను మిగిలినవాటితో మంచి హెల్మెట్, గ్లవ్స్, ఆర్మర్ ఉన్న జాకెట్ కొను. నీ వంటి మీద ప్లాస్టిక్ ఫెయిరింగ్ ఉండదు కదా.

ఇక మిగిలింది ఆర్15 అమ్మకం. ఓనర్ పేరు మార్పుకి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఆర్సీలో నీ పేరు ఉన్నంతకాలం ఆ బండి ఎవరిని గుద్దినా పరిహారం నోటీసు ఓనర్‌గా నీకే వస్తుందని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. డబ్బు చేతికి అందినా పేరు మారినట్టు ఆన్‌లైన్‌లో కనిపించేదాకా వెంటపడు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో తన పేరు మీదకి మార్చుకోమని కొన్నవాడికి చెప్పు. అదే వారంలో మీ కంపెనీకి రాసి ఎన్‌సీబీ లెటర్ తెప్పించుకో. అది చేతికొచ్చాక షోరూమ్‌కి వెళ్లు. వాళ్లిచ్చే కోట్‌తో పాటు, అదే ఐడీవీ, అవే యాడ్ ఆన్‌లతో బయట ఇంకో రెండు కోట్‌లు తీసుకో. మూడూ పక్కపక్కన పెట్టుకుని సందేహం ఉంటే ఇక్కడే రాయి, అంకెలు చూసి చెప్తాను.